పాడకుండా గుమ్మం ఎక్కొద్దు

ఆ ఏడాది గిన్యొలేకి నన్ను పిలవలేదు. పిలవడం లేదని కూడా ఎవరూ వచ్చి చెప్పలేదు. క్రిస్మస్ వెళ్లిపోయినా పాట సాధనకు రమ్మని కబురు రాకపోతే నేనే అర్థం చేసుకున్నాను.

డిసెంబరు ఆఖరి రోజు సాయంత్రం మా ఏటి ఒడ్డు ఊళ్లో మగవాళ్లంతా మంచు మీద జారే గుర్రపు స్లెడ్జి కట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. గుమ్మం ముందు చెక్కల మీద పొడుగాటి కర్రలతో తాళం వేస్తూ గిన్యొలే పాట పాడతారు. ఆ పాటలో పంది వెన్నెముక ముక్క, తోకతో సహా పెట్టమని అడుగుతారు. ఉన్నవాళ్లు అది పెడతారు, లేనివాళ్లు పిండో, చిక్కుడు గింజలో, పందికొవ్వో పెడతారు. అంతా పోగుచేసి ఇబ్బందిలో ఉన్న ఇళ్లకు పంచుతారు. మీసం రాకముందు నుంచీ ఆ పాటలో కింది గొంతు నాది. బడి మానేసి రంపపు మిల్లులో చేరిన ఏడాదే కర్ర పట్టుకున్నాను. అక్టోబరులో మిల్లు మూసేశారు. నాతోపాటు పని పోయినవాళ్లలో చాలామంది సామాను కట్టుకుని దక్షిణానికి పోయారు. నేను పోలేదు. మిల్లు మూసింది వాళ్లు, ఊరు వదలాల్సింది నేనా?

పిలుపు ఎందుకు రాలేదో నా భార్య ఆల్మాకి చర్చి మెట్ల మీద తెలిసింది. ఫాదర్ గారి ఇల్లు చూసుకునే ఆవిడ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "మీ అమ్మాయి ఒడీల్ బూట్ల సైజెంత?" అని అడిగిందట. ఇంటికొచ్చి స్కార్ఫు విప్పకుండానే ఆల్మా నాకు ఆ మాట చెప్పింది.

అంతే. మేం పుచ్చుకునే ఇంటివాళ్లం అయిపోయాం.

పుచ్చుకునే ఇంటి ముందు పాట ఉండదు. పెట్టె గుమ్మంలో పెట్టి, తలుపు ఒకసారి తట్టి, మెల్లగా జారుకుంటారు. ఇంటివాళ్లకి నామోషీ కాకూడదనట. ఎంత మర్యాద. పుచ్చుకునే ఇంటి మగవాడు పాడటానికీ వెళ్లకూడదు. అడిగేదీ తినేదీ ఒకడే అయితే బాగుండదు కదా మరి.

ఆఖరి రోజు పొద్దుటి నుంచీ మంచు పడుతూనే ఉంది. కిటికీ సగం వరకూ మూసుకుపోయింది. ఆల్మా పొయ్యి దగ్గర బక్‌వీట్ పిండి కలుపుతోంది. ఇంటి వెనక నేల చెక్కలో నేను పండించిన బక్‌వీటే అది. పక్కన కుండలో ఎండు బఠాణీలు ఉడుకుతున్నాయి. పొరుగాయన పందిని కోసినప్పుడు సాయం వెళ్లినందుకు నాకు దక్కిన దాంట్లో మాంసం ఎప్పుడో అయిపోయింది. చెత్త ముక్కల్ని ఉల్లిపాయతో, లవంగంతో మగ్గబెట్టి అట్టు మీద రాసుకునే ముద్ద చేసింది ఆల్మా. తోలు వేయించి కరకరలాడే ముక్కలు చేసింది. కరిగిన కొవ్వు సీసాలో పోసింది. మిగిలింది వెన్నెముక ముక్క ఒకటే, తోకతో సహా. వెనక కొట్టంలో వేలాడుతూ రాయిలా గడ్డకట్టి ఉంది.

"ఈసారి వెన్నెముక మనం ఇద్దాం," అన్నాను.

ఆల్మా గరిటె ఆపలేదు. "ఎవరికి?"

"గిన్యొలేకి."

"మనకి తెచ్చేవాళ్లకి మనం ఇస్తామా? బాగానే ఉంది నీ వరస. అది జనవరి సూపు, రొజేర్. ఆ ఒక్క ఎముకని నాలుగు కుండల్లో తిప్పుతాను నేను."

"బఠాణీలు ఉన్నాయిగా."

"ఎముక లేకుండా?"

"ఎముక లేకుండా."

"నువ్వు తిను. తిని, పాడు."

పొయ్యి పక్కన కుర్చీలో మా అత్త దెలీమా బంగాళదుంపల తొక్క తీస్తోంది. తొక్క కాగితం కంటే పల్చగా వస్తుంది ఆవిడ చేతిలో. చెవులు సరిగా వినపడవు. మా మొహాలు చూసి, "ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదమ్మా. మీ అల్లుడికి పౌరుషం వచ్చింది," అని అరిచింది ఆల్మా.

"దానికి ఆముదం పట్టించు," అంది అత్త.

పదకొండేళ్ల ఒడీల్ కిసుక్కున నవ్వింది. మా అమ్మాయికి నవ్వు దాచుకోవడం రాదు. నాకూ నవ్వొచ్చింది గానీ నేను నవ్వలేదు. కిందటి వసంతంలో కాచిన మేపుల్ పాకం డబ్బా అడుగున కాస్త ఉంటే తీసి పొయ్యి మీద పెట్టాను. ఒడీల్‌ని కొట్టం వెనక తొక్కని చోటు నుంచి పళ్లెం నిండా మంచు అదిమి తెమ్మన్నాను. పాకం బుడగలు గట్టిపడ్డాక ఆ మంచు మీద సన్నటి గీతలుగా పోశాను. మంచు తగలగానే అది బంగారు రంగులో బిగుసుకుంది. ఒడీల్ పుల్లకి చుట్టుకుని లాగితే తీగ సాగింది. అత్తకి పళ్లు లేవు, ఆవిడ పుల్ల నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆల్మా వద్దంటూనే రెండు పుల్లలు చుట్టుకుంది. బయట గాలి గోడల్ని తోస్తోంది, లోపల నలుగురం పళ్లెం చుట్టూ మూగి ఉన్నాం. మేం ఇబ్బందిలో ఉన్నామని అప్పుడెవరైనా వచ్చి నా మొహం మీద చెప్పి ఉంటే, వాడి నోట్లో కూడా ఓ పుల్ల పెట్టేవాణ్ణి.

చీకటి పడుతుండగా స్లెడ్జి చెక్కలు మంచు మీద కిర్రుమనడం వినిపించింది. గంటల మోత మాత్రం లేదు. కిటికీలోంచి చూస్తే తెలిసింది, గుర్రం మెడలో గంటలకి గోనెగుడ్డ చుట్టారు. చప్పుడు కాకుండా మా ఇంటికి రావాలని గుర్రం నోరు కూడా కట్టేశారన్నమాట.

వాళ్లు తట్టకముందే తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాను. చేతుల్లో పెట్టెతో మెట్టు మీద నా బావమరిది ఒనెజీమ్. ఊళ్లో ఇనప సామాను కొట్టు వాడిదే. వెనక మిగతావాళ్లు కర్రలు చంకలో పెట్టుకుని నేల చూపులు చూస్తున్నారు. అందరికంటే ముసలివాడు ఆల్సీద్ స్లెడ్జి మీదే కూర్చున్నాడు.

"బావా, చలిలో ఎందుకు నిలబడ్డావ్? లోపలికి పద," అన్నాడు ఒనెజీమ్.

"నువ్వెందుకురా దొంగలా వచ్చావ్?"

"దొంగలు పట్టుకుపోతారు బావా. నేను పెట్టిపోదామని వచ్చా."

"పాడకుండా నా గుమ్మం ఎక్కొద్దు."

వాడు పెట్టె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "అది పద్ధతి కాదు గదా. నీకు తెలీనిదా?"

"ఇచ్చే ఇంటి ముందు పాడటమే పద్ధతి. మా ఇంట్లో ఇవ్వడానికి ఉంది."

వెనక నుంచి ఎవరో కుర్రవెధవ, "ఏముందంట ఇవ్వడానికి?" అన్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు గానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది. నా వెనక నిలబడ్డ ఆల్మా కూడా విన్నది.

నేను తిరిగి చూసేసరికి ఆల్మా లేదు. వెనక తలుపు దభీమని పడింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. కొట్టం తలుపు కిర్రుమంది. మోకాలి లోతు మంచులో, తలమీద గుడ్డయినా లేకుండా, ఇల్లు చుట్టూ తిరిగి ముందుకొచ్చింది ఆల్మా. చేతిలో వెన్నెముక, తోకతో సహా. వసారా పిట్టగోడ మీద దాన్ని ఠంగున పెట్టింది.

"ఇది ఉంది," అంది.

ఒనెజీమ్ మొహం కందగడ్డలా అయింది. "అక్కా, ఆ కుర్రాడేదో తెలీక వాగాడు. నువ్వు పిల్లదాని సంగతి ఆలోచించు. అమ్మ ఉంది ఇంట్లో."

"ఆలోచించే తెచ్చాను. పాడు."

వాడు మొండివాడు. మా అత్త కొడుకు మరి. పెట్టె వసారాలో దించి, మూత తీసి, లోపలికి తొంగి చూశాడు. "ఒడీల్, ఇలా రామ్మా. నీకేం తెచ్చానో చూడు." పిండి సంచీ పక్కన, కొత్త బూట్ల పక్కన, నారింజపళ్లు. ఆ తెల్లటి మంచు వెలుగులో అవి దీపాల్లా ఉన్నాయి. ఆ చలికాలం మా ఇంట్లోకి నారింజపండు రాలేదు.

ఒడీల్ నా చంక కిందనుంచి తల బయటపెట్టింది. నేను దాని మొహంలోకి చూడలేదు. చూస్తే తీసుకో అనేవాణ్ణి. అన్నానంటే ఇక ఈ ఊళ్లో ఏ గుమ్మం ముందూ నా గొంతు లేవదు, అది నాకు తెలుసు. కూతురికి ఓ పండు అడ్డుపెట్టి నా పాట తీసేసుకుంటున్నాడు వాడు, వాడికి తెలిసో తెలియకో.

ఒడీల్ చాలాసేపు పళ్ల వంక చూసింది. తర్వాత, "ముందు పాడండి మావయ్యా," అంది. "నాన్న లేకుండా మీ పాట ఎలా ఏడ్చిందో వినాలి."

స్లెడ్జి మీద ముసలి ఆల్సీద్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే దిగాడు. "పిల్ల అడిగిందిరా. అడ్డంగా నిలబడకుండా తప్పుకో," అని ఒనెజీమ్‌ని భుజంతో తోసి, వసారా చెక్కల మీద కర్ర మోగించాడు. ఒకటి, ఇంకొకటి. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కర్రలు దించారు. చెక్కల సందుల్లోంచి మంచు రాలింది. ఎవరో వెళ్లి గుర్రం గంటలకి గోనెగుడ్డ విప్పారు.

పాడారు. ఘోరంగా పాడారు. కింది గొంతు లేక పాట గాల్లో వేలాడింది. నా గొంతు దానంతటదే లేవబోయింది. పళ్లు బిగబట్టి ఆపుకున్నాను. ఇంటివాడు పాడకూడదు. ఇంటివాడు వినాలి. లోపల్నుంచి అత్త, "ఎవరు వచ్చారే?" అంటే, "గిన్యొలే వచ్చిందమ్మా, మనింటికి," అని ఆల్మా అరిచింది.

పాట అయ్యాక వెన్నెముక నా చేతులతో ఎత్తి స్లెడ్జి మీద పెట్టాను. ఆ తర్వాతే, "లోపలికి రండి," అన్నాను.

ఆల్మా పెనం మీద అట్లు పోసింది. మూత పెట్టకుండా, నూనె వేయకుండా, ఒక వైపే. అట్టు నిండా కళ్లు తెరుచుకోగానే తీసేయడం, పంది ముద్ద రాయడం, చుట్టి చేతికివ్వడం. ఎన్ని పోసినా చాల్లేదు. బూట్ల మంచు కరిగి వంటిల్లంతా చెరువైంది.

"మీ ఆవిడ ఇంకా తిరగేస్తోందా ఒరే?" అని అడిగాను ఒనెజీమ్‌ని. వాడి పెళ్లాం పట్నం పిల్ల. పెళ్లయిన కొత్తలో అట్టు రెండో వైపు కూడా కాల్చిందని ఊరంతా చెప్పుకున్నారు.

"ఆ సంగతి ఇప్పుడెందుకు బావా?"

"తిరగేస్తోందన్నమాట," అన్నాడు ఆల్సీద్ నోటినిండా అట్టుతో.

"వీడికి రెండు వైపులా మాడితేగానీ దిగదు," అంది వాళ్లమ్మ. కావలసినవి మాత్రం భలే వినపడతాయి ఆవిడకి.

"ఏంటి ఎముక లేకుండానా ఈ సూపు?" అని ఇందాకటి కుర్రాడు గిన్నెలోకి చూస్తూ అన్నాడు.

"ఎముక మీ స్లెడ్జి మీద ఉంది," అంది ఆల్మా. "మాట్లాడకుండా తాగు."

వాడు రెండో గిన్నె కూడా తాగాడు.

వాళ్లు బయల్దేరేటప్పుడు పెట్టె నేనే మోసుకెళ్లి స్లెడ్జిలో వెన్నెముక పక్కన పెట్టాను. బూట్లు, పిండి, అన్నీ. ఒనెజీమ్ ఏదో అనబోయాడు. "ఏటి అవతల ఇద్దరు పసిపిల్లలున్న ఇల్లుంది, అక్కడికి తీసుకెళ్లు," అన్నాను. వాడు వంగి పెట్టెలోంచి ఒక నారింజపండు తీసి ఒడీల్ చేతిలో పెట్టాడు. "ఇది గిన్యొలేది కాదు. మావయ్య ఇచ్చాడు," అన్నాడు నా వంక చూడకుండా. పండు ఎక్కడిదో అందరూ చూశారు. నేను పేచీ పెట్టలేదు. మేనమామ మేనకోడలికి పండు ఇస్తే అడ్డుపడటానికి నేనెవర్ని? ఆల్మా మాత్రం ఊరుకోలేదు. పంది ముద్ద గిన్నె ఒకటి గుడ్డలో చుట్టి వాడి కోటు జేబులో కుక్కింది. "మీ ఆవిడకి చెప్పు, ఒక వైపే కాల్చమని."

పండు ఆ రాత్రే నలుగురం తిన్నాం. తొక్క పొయ్యి మీద ఎండుతూ ఇల్లంతా వాసన.

వాళ్లు వెళ్లేసరికే మంచు ఆగిపోయింది, తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. మా వాకిట్లో, రోడ్డు నుంచి మెట్ల దాకా, బూట్ల అడుగులు. కర్రలు గుచ్చిన గుంటలు. గుర్రం నిలబడి తొక్కిన చోటు. అంతా గడ్డకట్టి ముద్ర వేసినట్టుంది. కొత్త సంవత్సరం ప్రార్థనకి ఊరు ఊరంతా మా ఇంటి ముందు నుంచే వెళ్లాలి.

"వాకిట్లో మంచు తీయవా? చర్చికి టైమవుతోంది," అంది ఆల్మా పార నా ముందు పడేసి.

"తీయను."

"అమ్మ ఎలా నడుస్తుంది?"

"వెనకనుంచి మోసుకెళతాను. ఈ అడుగులు అలాగే ఉంటాయి. చూడనీ."

ఆల్మా కిటికీలోంచి ఆ వాకిలి వంక కాసేపు చూసింది. తర్వాత పార తీసుకెళ్లి మూలన పెట్టింది. నన్ను తిట్టుకుంటూ వెనక తలుపు తీసి, గౌను ఎత్తిపట్టుకుని, మోకాలి లోతు మంచులోకి దిగింది.