అమ్మోరి మెడలో ఇత్తడి కట్టు

నాకు కోపం ఎక్కువని మా పల్లెలో అందరూ అంటారు. అననీ. మా ఊరి మోతుబరి బయ్యన్నగారి జీపును ఒక్క వారం తోలి చూస్తే తెలుస్తుంది ఎవరి ఓపిక ఎంతో. యుద్ధంలో తిరిగి తిరిగి అలిసిపోయిన బండిని మిలిటరీవాళ్ళు వద్దనుకుని వేలం వేస్తే, బెంగుళూరు పోయి కొనుక్కొచ్చాడాయన. "ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యేరా యేసన్నా" అని మురిసిపోయేవాడు. చచ్చిన ఏనుగును రోజూ తోలేది నేను కదా, ఆయనకేం!

ఆ జీపుకు డ్రైవర్ని నేనే, మెకానిక్కునూ నేనే. ఆ ఏడు దసరాకు ముందు దాని స్టీరింగు పూర్తిగా మొండికేసింది. సగం చుట్టు తిప్పితే గానీ బండి ముక్కు కదలదు. ఒక్కోసారి మలుపు మధ్యలో పట్టేసిందంటే రెండు చేతులతో గుంజినా రాదు. మా ఊరి నుంచి సోమందేపల్లె మీదుగా హిందూపురం పోయే దారిలో వంక దగ్గర ఒక మలుపుంది. అక్కడ అట్లాగే పట్టేస్తే, నేనూ బయ్యన్నగారూ వంకలోకి పోబోయి బతికి బయటపడ్డాం. వంకలో నీళ్ళెక్కడివి, అన్నీ బండలే. స్టీరింగు బాక్సు విప్పితే తప్ప ఇక బండి ముట్టనని ఆ రోజే ఆయన మొహం మీద చెప్పేశాను.

విప్పి చూస్తే ఏముంది? లోపలి కడ్డీ చుట్టూ తిరిగే ఇనుప గుండ్లన్నీ ఒకవైపుకు చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వాటిని ఎడంగా నిలబెట్టే కట్టు ముక్కలైపోయింది. కట్టంటే మరేం లేదు, చుట్టూ చిల్లులున్న వలయం, చిల్లుకో గుండు. అంత పాత బండికి కొత్త కట్టు ఎక్కడ దొరుకుతుంది? అనంతపురంలో లేతు పనిచేసే ఆదెప్ప ఇత్తడిలో ఒకటి చేసి ఇచ్చాడు. పసిపిల్లల చేతి మురుగంత ఉంది, బంగారంలాగా మెరుస్తోంది. నా భార్య మారెమ్మకు నెలలు నిండాయని అతనికి తెలుసు. "పుట్టే బిడ్డకు తొడిగేవప్పా, ఇది బండికి!" అని ఎగతాళి చేశాడు.

కట్టు తెచ్చిన మరునాడే ఆయుధపూజ. అందుకే తెచ్చిన రోజు సాయంత్రమే బయ్యన్నగారింటి కొట్టంలో జీపు సామాన్లన్నీ గోనెసంచి మీద పరుచుకుని, కిరసనాయిలుతో కడిగి పెట్టుకున్నాను. ఇక బిగించడమే అనుకుంటుండగా ఆయన భార్య లక్ష్మీదేవమ్మ వసారాలోకి వచ్చింది.

"ఏమప్పా యేసన్నా, ఇంగ చాలించు. పానాలన్నీ ఈడ పెట్టిపో, పూజకు కావల్ల."

"బండి ఇప్పేసి ఉండాది కదమ్మా!"

"ఎల్లుండి బిగిద్దువులే. ఇప్పుడు ఏం కొంప మునుగుతాండాది?"

ఏటా ఇదే తంతు. నా పానాలూ సుత్తీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, దేవుడింట్లో పీట మీద వరసగా పేరుస్తారు. మేము ఊరి బయట పల్లెవాళ్ళం, యేసుప్రభువును నమ్ముకున్నవాళ్ళం. ఆ ఇంట్లో మా అడుగు వసారాతో ఆఖరు. నాకంటే నా సుత్తికే మర్యాద ఎక్కువని నవ్వుకునేవాణ్ణి, లోపల మండేది కూడా. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు మళ్ళీ పూజ చేసి కదిపేదాకా ఎవరూ ముట్టరాదు. ముడితే ఇంటికి కీడని వాళ్ళ నమ్మకం. సరేలే, మనకెందుకని పానాలు అప్పగించి ఇంటికి పోయాను.

తెల్లవారుజామున మారెమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మా పల్లెలో కాన్పులన్నీ చౌడమ్మ చేతి మీదుగానే అవుతాయి. చేత కాదన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. అలాంటి మనిషి పొద్దెక్కే వేళకు తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగినాదిరా. నా చేత కాదు. బిర్న హిందూపురం ఆస్పత్రికి తీస్కపో. ఆలస్యం జేస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

ఎడ్లబండి మీద హిందూపురం చేరేసరికి పొద్దు గూట్లో పడుతుంది. పండగపూట బస్సు ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో. అయినా చేతులు ముడుచుకుని ఎలా కూర్చుంటాను? పక్కింటి ఓబన్నను లేపి బండి కట్టించాను.

"నువ్వు ముందు పోతాండన్నా. నేను జీపు బిగిచ్చుకోని దావలో కలుస్తా."

"బిగుస్తాదా?" అన్నాడు ఓబన్న.

"బిగుస్తాది" అన్నాను, నాకే నమ్మకం లేకపోయినా.

మారెమ్మను బండిలో గడ్డి మీద పడుకోబెట్టాం. చౌడమ్మ పక్కన ఎక్కి కూర్చుంది. మారెమ్మ నా చొక్కా పట్టుకుని వదల్లేదు. "ఆడ ఎవరితోనూ కొట్లాడొద్దు నువ్వు. నీ కోపం నాకు తెలుసు" అంది. అంత నొప్పిలో ఆమె అడిగింది అదొక్కటే.

నేను పోయేసరికి బయ్యన్నగారింట్లో పూజ అయిపోయింది. ఆయన సమితి ఎన్నికల పని మీద తాడిపత్రి పోయి ఇంకా రాలేదు. ఆయన తల్లి బయమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. ఆమె దగ్గితే ఆ ఇంట్లో కొడుకు కూడా లేచి నిలబడతాడు.

"పెద్దమ్మా, పానాలు కావల్ల. మా మారెమ్మకు బిడ్డ అడ్డం తిరిగినాదంట. జీపు బిగిచ్చల్ల."

"పూజలో ఉండాయి కదరా. రేపు గానీ కదిలిచ్చకూడదు."

"రేపటికి నా పెండ్లాం ఉండదు పెద్దమ్మా!"

గొంతు లేచింది. మారెమ్మ మాట గుర్తొచ్చి పండ్లు బిగపట్టాను. పెద్దమ్మ వెనక నిలబడిన కోడలి వైపు చూసింది. లక్ష్మీదేవమ్మకు అప్పుడు మూడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ ఏడు అమ్మోరికి కలశం పెట్టిందే ఈ కడుపన్నా నిలవాలని. ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. నా బిడ్డ కోసం ఆమె బిడ్డకు కీడు తెమ్మని అడుగుతున్నానా? ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది నా పని.

లక్ష్మీదేవమ్మ అత్తను అడగలేదు. లోపలికి పోయి, పానాలూ సుత్తీ కొంగులో వేసుకొచ్చి వసారాలో పెట్టింది. నేను దండం పెట్టే తీరిక కూడా లేక కొట్టంలోకి పరిగెత్తాను.

గోనెసంచి మీద కడ్డీ ఉంది, గుండ్లున్నాయి, బోల్టులున్నాయి. కట్టు లేదు. సంచి దులిపాను. జీపు కింద దూరి వెతికాను. గడ్డివాము దాకా వెతికాను. కట్టు లేకుండా బిగిస్తే గుండ్లు మళ్ళీ ఒకవైపుకు చేరతాయి, వంక మలుపులో స్టీరింగు పట్టేస్తుంది. నేనొక్కణ్ణే అయితే అట్లాగే బిగించి తోలేవాణ్ణి. వెనక మారెమ్మను పడుకోబెట్టుకుని ఎలా తోలేది?

"నా కట్టు ఎవరు తీసినారు?" అని గట్టిగా అరిచాను. ఇక కోపం ఆగలేదు.

"కట్టేందిరా?" అంది పెద్దమ్మ.

"మురుగు మాదిరి ఉంటాది. ఇత్తడిది. మెరుస్తాంటాది."

పెద్దమ్మ దేవుడింటి వైపు తిరిగింది. "నేనే తీసినా. బండంతా ఇప్పేసి ఉండాది, దానికి పూజ ఎట్ల జేసేది? బండి బదులు అదన్నా అమ్మోరి దగ్గర ఉండనీ అని..."

వసారాలో నిలబడి లోపలికి చూశాను. దేవుడింట్లో దీపం వెలుగుతోంది. చింతపండుతో తోమి, పసుపుదారానికి గుచ్చి, కలశం మెడలో కట్టారు నా కట్టును. అమ్మోరికి పతకంలాగా వేలాడుతోంది.

"పూజలోని పానా వేరురా. అమ్మోరి మెడలోది వేరు" అంది పెద్దమ్మ మెల్లగా. "సాగనంపకుండానే తెంపితే..." మాట పూర్తి చేయలేదు. కోడలి కడుపు వైపు చూసింది.

లక్ష్మీదేవమ్మ దేవుడింటి వైపు అడుగు వేసింది. పెద్దమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "నువ్వు ముట్టద్దు!"

అంతే, అయిపోయింది అనుకున్నాను. ఒక్క అంగలో లోపలికి దూకి తెంపుకుని పోవచ్చు. వాళ్ళిద్దరూ నన్ను ఆపలేరు. కానీ లక్ష్మీదేవమ్మ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతులు చూశాక నా కాలు లేవలేదు. ఓబన్న బండి ఎక్కడిదాకా పోయిందో! మారెమ్మ అరుస్తోందో, అరవడం మానేసిందో! నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా ఏడ్చాను.

పెద్దమ్మ కోడల్ని పక్కకు జరిపి, తనే దేవుడింట్లోకి పోయింది.

"అమ్మా!" అంది గట్టిగా, ఎవరితోనో తగాదాకు దిగినట్టు. "ఇది తీసేది నేను. నా కోడలు గాదు, ఆ యేసన్న గాదు. నీకు కోపమొస్తే ఈ ముసిల్దాన్ని తీస్కపో. ఇంకెవరి జోలికీ పోవద్దు."

దారం తెగిన చప్పుడు నాకు వినిపించింది. పెద్దమ్మ గడప దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే ఎత్తు నుంచి నా దోసిట్లో పడేసింది కట్టును. ఆ ఇంటివాళ్ళు మా చేతికి ఏదిచ్చినా అంతే, చెయ్యి తగలకుండా.

"ఇంగా సూస్తావేమిరా? పోయి బిగిచ్చు!"

కట్టుకు అంటిన పసుపును కిరసనాయిలుతో కడిగాను. చిల్లుచిల్లుకూ గ్రీజు పూసి గుండ్లు అంటించాను. ఒక గుండు జారి దుమ్ములో పడింది. దాన్ని బూతులు తిట్టి, కడిగి మళ్ళీ పెట్టాను. వేళ్ళు వణుకుతుంటే బోల్టు మర ఎక్కదు, పానా నిలవదు. ఎలా బిగించానో నాకే తెలియదు. స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూశాను. తిరిగింది. బండి బయటికి తీస్తుంటే లక్ష్మీదేవమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. తొక్కించుకుని పోయాను.

వంకకు ఇవతలే ఓబన్న బండి కనిపించింది. మారెమ్మ అరవడం లేదు. అదే నన్ను చంపేసింది. చౌడమ్మ ఆమె బుగ్గలు తడుతూ ఉంది. ముగ్గురం ఎత్తి జీపులో పడుకోబెట్టాం. వంక మలుపు వచ్చేసరికి స్టీరింగు తిప్పాను. ఎక్కడా పట్టలేదు. ఆస్పత్రిలో కడుపు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

కథ అక్కడితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది! నాకు అసలు భయం అప్పుడు మొదలైంది. అమ్మోరి మెడ బోసి చేసినారని ఊళ్ళో గుసగుసలు. లక్ష్మీదేవమ్మ తూలిందన్నా, పెద్దమ్మ దగ్గిందన్నా నా గుండెలో రాయి పడేది. ఆ ఇంటి నుంచి ఎవరు పిలిచినా చావు కబురే అనుకునేవాణ్ణి. నేనూ మారెమ్మా రోజూ మోకాళ్ళ మీద పడి మా బిడ్డ కంటే ముందు లక్ష్మీదేవమ్మ కడుపు కోసం ప్రార్థన చేసేవాళ్ళం. ఒకసారి ఆగలేక, ఇంకో కట్టు చేయించి ఆ కట్టు విప్పి తెచ్చి ఇచ్చేస్తానని పెద్దమ్మతో అన్నాను. ఆమె నా వైపు చూడకుండా, "వద్దు" అని మాత్రం అంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం పిలుపొచ్చింది. లక్ష్మీదేవమ్మకు నొప్పులు. బయ్యన్నగారు నా పక్కన కూర్చున్నాడు. వెనక కోడలి తలను ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ కూర్చుంది. దారి పొడవునా ఎర్రటి దుమ్ము. లక్ష్మీదేవమ్మ మూలుగు విన్నప్పుడల్లా నా చేతులకు చెమట పట్టి స్టీరింగు జారుతోంది. వంక మలుపు కనిపించింది. వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"యేసన్నా, ఆ కట్టు దీంట్లోనే ఉండాదా?"

"ఉండాది పెద్దమ్మా."

"ఇప్పి మార్చలేదు కదా?"

"లేదు పెద్దమ్మా. నువ్విచ్చిందే."

"అయితే అమ్మోరు మనతోనే వస్తాండాది. భయపడాకు, తిప్పు."

తిప్పాను. ఆమె గొంతు కూడా వణుకుతోందని నాకు తెలిసింది.

పొద్దు వాలుతుండగా పెద్దమ్మ ఆస్పత్రి వసారాలోకి వచ్చింది. బయ్యన్నగారు ఎదురు పోయినా ఆగకుండా నేరుగా జీపు దగ్గరికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"మొగబిడ్డరా. ఇద్దరూ బాగుండారు" అంది. అని, గ్రీజుతో నల్లగా ఉన్న నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం. ఆమె అరచేయి నల్లగా అయిపోయింది. నేను తుడవబోతే, "ఉండనీలే" అని, ఆ చేత్తోనే మనవణ్ణి ఎత్తుకోవడానికి లోపలికి పోయింది.