తాబేలుకు తగిన నూనె

‘అన్ని ఇంజన్లకూ అనుకూలం’ అని నూనె డబ్బా మీద అచ్చు వేయించినవాడు ఆ మాట ఏ ఇంజనును అడిగి వేయించాడు? పెద్దమ్మ ఈ ప్రశ్నను దుకాణదారుకు వేసింది. అతడు నవ్వి ధర చెప్పాడు. డబ్బా మీది నంబరుకు ఫోను చేసి అడిగింది; వాళ్ళు చాలాసేపు సంగీతం వినిపించారు. ఆ డబ్బాను ప్రేమగా కొనితెచ్చిన మరిది కొడుకును అడిగింది. అతడు గోడవైపు తిరిగాడు. జవాబు ఇంకా రావలసే ఉంది.

పెద్దమ్మ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. విశ్రాంతి అన్నది మాటవరసకే. ఆమె కారు గుండ్రటి వీపుతో, వెనకవైపు ఇంజనుతో, నీటిచుక్క అక్కరలేకుండా గాలికే చల్లబడే పాతకాలపు బండి. వీధిలో అందరూ దాన్ని తాబేలు అంటారు. అపార్ట్‌మెంటువాళ్ళు తాబేలు నిలిచే చోట జనరేటరు పెట్టాలని తీర్మానించారు. కొండమీద ఇల్లు కట్టుకున్న మరిది తన షెడ్డు ఇస్తానన్నాడు గానీ, ఇస్తూనే ఒక మెలిక పెట్టాడు.

“తన కాళ్ళమీద తను ఎక్కి వస్తే షెడ్డు దానిదే వదినా. లారీ మీద పడుకుని వచ్చిందా, అటునుంచి అటే పాత ఇనుముకి.”

ఆదివారం ప్రయాణం. పెద్దమ్మకు సంతోషం కలిగిద్దామని మరిది కొడుకు శుక్రవారమే బండిని తీసుకువెళ్ళి, పాత నూనె తీయించి, కొత్తది పోయించుకు వచ్చాడు.

“నా కొత్త కారుకి పోసేదే పెద్దమ్మా. ఇంతకంటే ఖరీదైంది లేదు. నీళ్ళలా జారిపోతుంది.”

“జారిపోతుందనేరా నా భయం.”

శనివారం ఉదయం ఆమె బండిని ఊరంతా తిప్పింది. నడిచినంతసేపూ బుద్ధిగా నడిచింది. బాగా వేడెక్కాక కూడలిలో ఎర్రదీపం పడి ఆగగానే, ఎదుట మీటర్ల మధ్య, నూనె ఒత్తిడి తగ్గితే వెలిగే చిన్న దీపం మినుకుమంది. ఆరింది. మళ్ళీ మినుకుమంది. కూడలి దీపమైతే కాసేపటికి పచ్చబడుతుంది; దీనికా అలవాటు లేదు. ఇంటికి చేరి బండి కిందికి వంగి చూస్తే నేలమీద నల్లటి చుక్కలు.

“డబ్బు పోసి కొన్నదే కదా, అదెలా పాడుచేస్తుంది?” అన్నాడు అబ్బాయి, మొహం చిన్నబుచ్చుకుని.

“పాడుచేసేది డబ్బు కాదు, పలచన. దీనికి రేడియేటరు లేదు. ఫ్యాను గాలి మోసినంత వేడి మోస్తుంది, మిగిలింది నూనే మోయాలి. నీ నూనె అసలే పలచన, కాగితే మరీ పలచన. ఇనుముకీ ఇనుముకీ మధ్య నిలబడాల్సింది కాస్తా కిందికి దిగి కూర్చుంటుంది. కొండ ఎక్కేటప్పుడు అలా కూర్చుంటే, ఇక లేవాల్సిన పని ఉండదు.”

పిలిపించిన మెకానిక్కు రెండో కొసకు పోయాడు.

“అయితే చిక్కటిది కొడదాం టీచరమ్మా. లారీలకి పోసేది ఉంది, బంకలా ఉంటది. చచ్చినా జారదు.”

“జారదు సరే. పొద్దున చల్లటి ఇంజనులో ఆ బంక పైదాకా ఎప్పుడు పాకుతుంది? అది పాకేలోగా ఇంజను అరగాలా?”

మెకానిక్కు తల గోక్కుని, ఆమె తెచ్చింది పోస్తానని ఒప్పుకున్నాడు. పెద్దమ్మ చేతిసంచీ తీసుకుని నూనె దుకాణానికి వెళ్ళింది.

“మేడమ్, ఇది అన్నిటికీ పడుతుందండీ,” అన్నాడు దుకాణదారు, ముందు వరుసలోని డబ్బా తడుతూ.

“మీ చెప్పులు నాకు పడతాయా?”

అతడు కౌంటరు కిందికి వంగి తన పాదాలు చూసుకున్నాడు. “పడవండీ.”

“ఒప్పుకున్నారుగా. ఇక నిచ్చెన వేయండి.”

పై అరలో దుమ్ముకొట్టుకున్న డబ్బా ఒకటి దిగింది. ఇరవై–యాభై అని రాసి ఉంది: మొదటి అంకె చలిలో కదలడానికి, రెండవది వేడిలో నిలబడడానికి. పెద్దమ్మ దాన్ని వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు సవరించుకుని, చీమతలకాయలంత అక్షరాలు చదివింది. జింకు ఉంది. పాత ఇంజన్ల లోపల ఒకదానినొకటి రాసుకునే భాగాలను కాచేది అదే. కొత్త కార్ల పొగగొట్టాలకు హాని చేస్తుందని కొత్త నూనెల్లో దాన్ని తగ్గించారు. తర్వాత ముందు వరుస డబ్బానూ తిప్పింది. ‘కొత్త తరం ఇంజన్లకు మాత్రమే.’ ముందువైపు అన్నీ, వెనకవైపు కొన్నే. ఆ వాక్యం మీద వేలు పెట్టి దుకాణదారుకు చూపించి, తన డబ్బా తెచ్చి, మెకానిక్కు చేత పలచనది తీయించి దీన్ని పోయించింది.

ఆదివారం అబ్బాయి వెనకసీట్లో రెండు క్యాన్ల నీళ్ళు పెట్టాడు.

“ఎందుకురా?”

“వేడెక్కితే పోద్దామని.”

“ఎక్కడ పోస్తావు?”

“అదే, ఉంటుందిగా…”

పెద్దమ్మ చూసిన చూపుకు క్యాన్లలో నీళ్ళు గడ్డకట్టి ఉండాలి.

తాబేలు మలుపు మలుపుకూ గొణుగుతూ ఎక్కింది. ఆఖరి మలుపులో లారీ ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. ముందు బండ్లు, వెనక హారన్లు. కాగిన ఇంజను, ఆగిన బండి: నిన్న కూడలిలో దీపం మినుకుమన్నది సరిగ్గా ఇలాగే.

“ఆపేద్దామా పెద్దమ్మా? ఇంజను ఆపితే దీపం గొడవే ఉండదు.”

“పరీక్షలో కళ్ళు మూసుకుంటే ప్రశ్న మాయమవుతుందిరా?”

ఇద్దరూ ఆ దీపపు చిన్న గాజుబిళ్ళ వంకే చూస్తూ కూర్చున్నారు. లారీ ముందుకు కదిలింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ కదిలింది. గాజుబిళ్ళ నల్లగానే ఉంది. లారీ దారి ఇచ్చింది.

గేటు దగ్గర మరిది నీళ్ళ బకెట్టుతో సిద్ధంగా నిలబడ్డాడు.

“పోయనా వదినా? పాపం, దప్పికేసుంటుంది.”

“పొయ్యి నాయనా. ఎక్కడో నువ్వే చూసుకో.”

ఆయన ముందు మూత ఎత్తాడు, సంచులు. వెనక మూత ఎత్తాడు, ఫ్యాను, ఇంజను. వంగి బండి కింద చూశాడు. కొడుకు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. చివరికి ఆయన బకెట్టు గులాబీ మొక్కల్లో గుమ్మరించి, షెడ్డు గడియ తీశాడు.

“చెప్పొచ్చుగా వదినా.”

“అడగొచ్చుగా మరిదీ.”

తాబేలు లోపలికి వెళ్ళింది.

ఇక మీ సంగతి. మీ ఇంట్లోనూ ముందువైపు పెద్ద అక్షరాల డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. లేచి వెళ్ళి దాన్ని వెనక్కి తిప్పండి. చిన్న అక్షరాలు చివరిదాకా చదవండి. చదివేదాకా బండి తాళాలు ముట్టుకోకండి.