వాల్వ్ తిప్పిన మనిషి

మూట్ కోర్టు అంటే లా విద్యార్థుల ఉత్తుత్తి కోర్టు పోటీ; చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షమే వాదించాలి. లా కాలేజీ ఫైనల్లో ఎవాంజెలిన్‌కు సైన్యం పక్షం వచ్చింది. ఒక ఊరి మంచినీళ్ళ పంపుహౌస్ మీద బాంబు వేసిన సైన్యం అది. దాన్ని సమర్థించడమంటే మాటలా? లైబ్రరీలో ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఒక్క పట్టూ దొరకలేదు.

చివరికి దొరికింది తార్నాకలో, సొంత ఇంట్లో, చర్చి నుంచి వచ్చాక భోజనాల దగ్గర. మేడమీద గదిలో అద్దెకుండే సూడాన్ విద్యార్థి ఇద్రీస్‌కు ఆదివారం భోజనం వీళ్ళింట్లోనే. వాళ్ళ నాన్న సూడాన్‌లో వాళ్ళ ఊరి పంపుహౌస్‌లో పనిచేస్తాడు. యుద్ధం ఊరి మీదికి వచ్చినా కదల్లేదు.

"నాన్నగారు కులాసానా బాబూ?" అని అడిగింది ఎవాంజెలిన్ తల్లి ఎస్తేరు, చేపల పులుసు వడ్డిస్తూ.

"సైనికులు గాడనే ఉన్నరు ఆంటీ. ట్యాంకర్లు నింపుమంటరు. నాయిన నింపుతడు. వద్దంటె పంపు బంద్ చేస్తరు, ఊరికి నీళ్ళుండవు." ఇద్రీస్ తెలుగంతా అడిక్‌మెట్ మెస్సుల్లో నేర్చుకున్నదే.

ఎస్తేరు కళ్ళు ఒత్తుకుంది. కూతురు మాత్రం మనసులో పాయింటు రాసుకుంది. పిల్ల చెడ్డది కాదు, గెలుపు పిచ్చి పట్టిందంతే.

ఫైనల్ రోజు దంచేసింది. శత్రువుల ట్యాంకర్లు అక్కడే నిండాయి కాబట్టి ఆ పంపుహౌస్ యుద్ధ సాధనమేనంది.

"మరి వాల్వ్ తిప్పి ఆ ట్యాంకర్లు నింపిన పనివాడు?" అన్నాడు జడ్జి కుర్చీలో ఉన్న ప్రొఫెసరు.

"అతనూ సైన్యంలో భాగమే, మైలార్డ్. అతనికి రక్షణ లేదు."

అంటూ చూస్తే వెనక వరసలో ఇద్రీస్. ఒళ్ళో ఎస్తేరు పంపిన క్యారియర్ ఉంది.

విరామంలో వరండాలోకి వచ్చాడు. కోపంగా ఉంటాడనుకుంది. అతని ముఖంలో కోపం లేదు, భయం ఉంది.

"ఎవా, కానూన్ నిజంగ గట్లనే ఉన్నదా? నాయినను చంపుతె తప్పు కాదా? డ్యూటీకి పోవద్దని చెప్పాల్నా?"

తిట్టినా బాగుండేది. ఆమె మాటను అతను వాదన అనుకోలేదు, చట్టమే అనుకున్నాడు. ఆ మాట నమ్మి వాళ్ళ నాన్న పనికి పోకపోతే ఊరు ఎండిపోతుంది. ఆమెకు సిగ్గేసింది.

"కాదు ఇద్రీస్. సైనికుడికి నీళ్ళిచ్చినంత మాత్రాన మీ నాన్న సైనికుడైపోరు. ఊరు తాగే నీళ్ళ మీద దెబ్బ కొట్టడం నేరం. అసలు చట్టం అదీ."

"మరి లోపల?"

"లోపల గెలుద్దామని అలా అన్నాను."

చివరి జవాబుకు పిలిచారు. వాల్వ్ తిప్పిన మనిషి గురించి తాను చెప్పింది తప్పని, అతను మామూలు పౌరుడేనని, ఆ నీళ్ళ మీద బాంబు వేసే హక్కు తన పక్షానికి లేదని చెప్పింది ఎవాంజెలిన్.

"మీ కేసు మీరే ఓడగొట్టుకున్నారు, తెలుసా?" అన్నాడు ప్రొఫెసరు.

"తెలుసు, మైలార్డ్."

కప్పు అవతలివాళ్ళు ఎత్తుకుపోయారు. కాలేజీ మెట్ల మీద కూర్చుని ఇద్రీస్ వాళ్ళ నాన్నకు ఫోన్ కలిపాడు. తన భాషలో అంతా చెప్పి, స్పీకర్ పెట్టి, ఆమె వైపు తిరిగాడు.

"నాయిన అడుగుతుండు. గీ కానూన్ బాంబులేసేటోళ్ళకు ఎర్కేనా అని."

ఫోన్లో ఆ పెద్దాయన వెనక పంపు మోటారు ఆగకుండా నడుస్తూనే ఉంది.