ఆరు చుక్కలు, ఒక నడక

పొద్దున్న ఐదు నలభైకి ఆరు చుక్కలు ఒకేసారి కదిలాయి.

సౌజన్య చాయ్ గ్లాసు కింద పెట్టి ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగింది. తెర మీద బాన్సువాడ మ్యాపు. నిజాంసాగర్ కాలువ గట్టు మీద ఆరు ఆకుపచ్చ చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు సాగుతున్నాయి. తూము దగ్గర ఆరూ ఆగాయి. పదకొండు సెకన్లు. ఆరూ వెనక్కి తిరిగాయి.

మనుషులు అలా నడవరు. ఒకామె చెప్పు జారుతుంది, ఒకామె మాటల్లో పడి వెనకబడుతుంది, ఒకామె కొంగు సర్దుకుంటుంది. ఆరుగురు ఆడవాళ్లు ఒకే సెకనులో ఆగి ఒకే సెకనులో తిరగడం జరిగే పని కాదు. నాలుగు రోజులుగా ఇదే వరస.

ఏదో తేడా ఉంది. ఆ తేడా ఇప్పుడు బయటపడితే సౌజన్య మునిగినట్టే.

ఆమె తయారుచేసిన యాప్ పేరు 'పది నిమిషాలు'. అంతకుముందు తను పనిచేసే హైదరాబాద్ కంపెనీలోనే ఆమె పేకాట యాప్‌కి పనిచేసింది. ఏ గంటకు ఏ చప్పుడు చేస్తే మనిషి చెయ్యి మళ్లీ ఫోన్ మీదికి వస్తుందో కనిపెట్టడం ఆమె ఉద్యోగం. అందులో ఆమె దిట్ట. ఒకరోజు బస్సులో పక్కసీటాయన ఆ ఆటలోనే మునిగి తను దిగాల్సిన స్టాపు దాటిపోయాడు. తర్వాతి స్టాపులో దిగి, రోడ్డు వైపు కూడా చూడకుండా అక్కడే నిలబడి ఆడుతున్నాడు. కదిలిన బస్సు కిటికీలోంచి అతన్నే చూస్తూ ఉండిపోయింది సౌజన్య. ఆ వారమే వెళ్లి మేనేజర్ ప్రియదర్శినిని అడిగింది: ఇదే తెలివితో జనాన్ని రోజుకు పది నిమిషాలు నడిపిస్తాను, ఒక్క అవకాశం ఇవ్వండి.

ప్రియదర్శిని ఇచ్చింది. షరతు మీద. ఎన్నడూ వ్యాయామం చేయని ముప్పై మంది, ముప్పై రోజులు. చివరి రోజున ఇరవై మంది నడుస్తూ ఉంటే యాప్ బతుకుతుంది. ఒక్కరు తగ్గినా సౌజన్య మళ్లీ పేకాటకే.

సౌజన్య బాన్సువాడలో కిరాయి ఇల్లు తీసుకుని, ఆ వీధిలో బీడీలు చేసే ముప్పై మంది ఆడవాళ్లను ఎంచుకుంది. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునే మనుషులు. నడుములు పట్టేసి, మోకాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. వాళ్ల ఫోన్లలో యాప్ ఒక మొక్క పెడుతుంది. నడిస్తే ఆకు వేస్తుంది. వరసగా మూడు రోజులు మానేస్తే ఎండిపోతుంది. పొద్దున ఆరింటికి ఒక గంట కొడుతుంది, అంతే. తిట్టదు, అరవదు. ఇంతకంటే మెత్తగా ఎలా చెప్పాలి అనుకుంది సౌజన్య. పరీక్ష కోసం జాబితాలో అందరికంటే పైన తన పేరు కూడా వేసుకుంది. ఆ మొక్క ఎప్పుడో ఎండిపోయింది. ఆమెకు నడిచే తీరిక లేదు.

ఇవాళ పంతొమ్మిదో రోజు. నడుస్తున్నవాళ్లు సరిగ్గా ఇరవై. అందులో ఆరు ఈ చుక్కలు.

స్కూటీ తాళం తీసుకుంది.

కార్తీకం చలి. గట్టు రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో, తలకు మఫ్లర్ చుట్టుకుని, భుజాన గుడ్డ సంచితో ఒకే ఒక మనిషి నడిచి వస్తోంది. ఎదురింటి నర్సవ్వ. వీధిలో బీడీలు చేసేవాళ్లందరికీ పెద్ద దిక్కు.

"అవ్వా, ఆగు."

నర్సవ్వ ఆగలేదు. "ఆగితే నీ యాప్ పట్టుకుంటది. నడుసుకుంట మాట్లాడు."

సౌజన్య స్కూటీ పక్కకు పెట్టి వెంట నడిచింది. "సంచిల ఏమున్నయ్ అవ్వా?"

"టమాటలు."

టమాటలు మోగాయి. నర్సవ్వ సంచి వైపు ఒకసారి చూసి, "సక్రి మొగడు ఫోన్ చేస్తుండు. మూడోసారి" అంది నింపాదిగా.

సంచిలో ఐదు ఫోన్లు. గీతలు పడకుండా ఒక్కోటి ఒక్కో పాత జాకెట్టు ముక్కలో చుట్టి ఉంది. ఆరోది నర్సవ్వ నడుమున.

"ఇది మోసం అవ్వా."

"ఏంది మోసం? నేను కూసున్ననా? నడుస్తనే ఉన్న గద."

"వాళ్లు నడవాలె గద."

"వాళ్ల మొక్కలు ఎండవట్టె. నువ్వు ఆరింటికి గంట కొడ్తవ్. ఆరింటికి సక్రి చేతుల కత్తెర ఉంటది, ఆకు కత్తిరిస్తది. పిల్లల బడి, వంట. రాత్రికి ఫోన్ జూస్తే మొక్క వాడిపోయి ఉంటది. మొన్న ఏడ్చింది తెల్సా? మక్క చేను ఎండితే ఏడ్వలే, గిది ఎండితే ఏడ్చింది."

సౌజన్య ఏదో అనబోయింది. నర్సవ్వ చెయ్యి ఎత్తి ఆపింది.

"రెండేండ్ల కింద నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మూడు నెలలు చాట ముట్టలే. కార్ఖానల నా పేరు తీసేయాలె. తియ్యలే. ఎందుకో ఎరుకనా? గీ ఐదుగురు తలా రెండు కట్టలు నా పేరు మీద ఏసిన్రు. రోజూ. అడుగకుండనే. మరి నేను వాళ్ల మొక్కకు ఇన్ని నీళ్లు పోస్తే మోసమా?"

కాలువలో నీళ్లు నిండుగా పారుతున్నాయి.

"మొదలు ఒక్కొక్కరికి ఒక్కో చుట్టు తిరిగిన" అంది నర్సవ్వ, కాస్త సిగ్గుపడుతూ. "ఐదు చుట్లు. రెండు రోజులకే పానం పోయింది. అప్పటిసంది సంచిల ఏసిన."

"మోకాలు ఎట్లున్నది?"

"అదే విచిత్రం. నొప్పి సగం తగ్గింది."

ఇంటికి వచ్చాక సౌజన్య చాలాసేపు తెర ముందు కూర్చుంది. నోరు మూసుకుంటే చాలు. ఇంకో పదకొండు రోజులు నర్సవ్వ సంచి మోస్తుంది, ఇరవై చుక్కలు కదులుతాయి, యాప్ గెలుస్తుంది. హైదరాబాద్‌లో ఎవరికీ తెలియదు. కానీ పేకాట యాప్‌లోనూ అంతే. తెర మీద అంకెలు పెరుగుతూనే ఉండేవి, వాటి వెనకున్న మనిషి ఎలా ఉన్నాడో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ప్రియదర్శినికి ఫోన్ చేసి మొత్తం చెప్పింది.

ప్రియదర్శిని లెక్క వేసింది. "అంటే నిజంగా నడుస్తున్నది పదిహేను మంది."

"అవును మేడమ్."

"నడిచేటప్పుడు ఫోటో తీసి పంపమను. సంచి గోల ఉండదు."

"ఫోటో అడిగితే రేపటికి ఆ పదిహేను మంది కూడా ఉండరు. పదకొండు రోజులు టైమివ్వండి. ఆ సంచినే యాప్‌లో పెడతాను."

"నాకర్థం కాలేదు. సరే, కానివ్వు. కానీ చివరి రోజు ఒకరి కోసం ఇంకొకరు నడిస్తే లెక్కలోకి రాదు. ఇరవై మంది, ఎవరి కాళ్లతో వాళ్లు. సాయంత్రం ఆరింటి లోపు. నేనే వచ్చి చూస్తాను."

మర్నాటి నుంచి సౌజన్య మకాం నర్సవ్వ అరుగు మీదికి మారింది. ఆడవాళ్లు బీడీలు చుడుతుంటే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చుని అడిగింది, విన్నది, మార్చింది. ఆరింటి గంట తీసేసింది. ఎవరికి వీలైన గంట వాళ్లే పెట్టుకోవచ్చు. మొక్క ఎండిపోవడం తీసేసింది. నడవని రోజు అది ఆకులు ముడుచుకుని నిద్రపోతుంది, అంతే. చివరికి ఒక కొత్త బటన్ పెట్టింది. 'బదులు'. ఇవాళ నడవలేని మనిషి కోసం తెలిసినవాళ్లు ఇంకో పది నిమిషాలు నడవొచ్చు. అప్పుడు ఆ మనిషి ఫోన్‌లో ఒకే ఒక వాక్యం వస్తుంది: ఈ రోజు నీ కోసం ఫలానా ఆమె నడిచింది.

"గంతేనా?" అంది సక్రి. ఊరవతలి తండా నుంచి రోజూ నర్సవ్వ అరుగు మీదికి వచ్చి బీడీలు చేస్తుందామె. "మళ్ల నేను ఎప్పుడు నడువాలె అని అడుగదా?"

"అడుగదు అక్కా."

సక్రి చుట్టిన బీడీకి దారం కడుతూ ఆలోచించింది. "అడుగకుంటే ఇంక కష్టం."

ఇరవై రెండో రోజున, నాలుగో రోజే మానేసిన ప్రేమల పొయ్యి మీద కూర వదిలేసి ఫోన్ పట్టుకుని వీధిలోకి వచ్చింది.

"నా కోసం నడువుమని ఎవరన్నరు నీకు?" అని సక్రిని నిలదీసింది.

"ఎవరన్లే. నీ మొక్క పండుకుని ఉండె, మంచిగ అనిపియ్యలే."

"నేనేమన్న మంచాల పడ్డనా?" అని ప్రేమల అప్పటికప్పుడు తూము వైపు బయల్దేరింది. ఆ కూర మాడిపోయిందని తర్వాత వారం పాటు వీధంతా చెప్పుకున్నారు. కానీ ఆ వారంలో ఆమె ఒక్క రోజూ మానలేదు.

ఇరవై తొమ్మిదో రోజుకు ఇరవై ఒక్కరయ్యారు. ముప్పయ్యో రోజు పొద్దున ఒకామెకు జ్వరం. ఇరవై.

సాయంత్రం ఐదు పదికి ప్రియదర్శిని సౌజన్య ఇంట్లో కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. పంతొమ్మిది పేర్ల పక్కన పచ్చ గుర్తు పడింది. సక్రి ఒక్కటే మిగిలింది.

ఐదు పదిహేనుకు సక్రి చుక్క కదిలింది. సౌజన్య ఊపిరి వదిలింది.

"చాలా ఫాస్ట్‌గా నడుస్తోందే" అంది ప్రియదర్శిని.

చుక్క గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో నిజాంసాగర్ వైపు పోతోంది.

సౌజన్య ఆ నంబరుకు ఫోన్ చేసింది. చాలాసేపటికి గాలి హోరులోంచి మగ గొంతు. సక్రి భర్త ఫూల్‌సింగ్.

"నా ఫోన్ ఖరాబైంది మేడం, ఆమెది తెచ్చుకున్న. గిప్పుడే బండి తీసిన. ఏమైంది?"

"సక్రి అక్క ఎక్కడున్నది?"

"ఇంకెక్కడ, నడువనీకి పోయి ఉంటది. అన్నం కన్న అదే ఎక్కువైంది ఆమెకు."

ఐదు ఇరవై. ప్రియదర్శిని ల్యాప్‌టాప్ మూసింది. "పంతొమ్మిది."

"ఒక్కసారి గట్టు దాకా రండి మేడమ్."

"సౌజన్యా, ఫోన్ లేకుండా..."

"పది నిమిషాలే."

స్కూటీ మీద ఇద్దరూ వెళ్లారు. పొద్దు వాలుతోంది. వడ్ల కుప్పల మీద పట్టాలు కప్పుతున్నారు. తూము వైపు ఇద్దరు ఆడవాళ్లు పోతున్నారు. పొద్దున్నే తన వంతు ముగించిన నర్సవ్వ, పక్కన సక్రి. సక్రి చేతులు ఖాళీగా ఊగుతున్నాయి.

పంతొమ్మిదో రోజున ఇదే గట్టు మీద మనుషులు లేకుండా చుక్కలు నడిచాయి. ఇప్పుడు చుక్క లేకుండా మనిషి నడుస్తోంది.

ప్రియదర్శిని చేతి గడియారం చూసుకుని వాళ్ల పక్కన కలిసింది. ఎత్తు మడమల చెప్పులతో వాళ్లను అందుకోవడానికి ఆమెకు ఆయాసం వచ్చింది.

"నీ ఫోన్ ఇక్కడ లేదు కదమ్మా" అంది. "నడిచినా లెక్కలో పడదు. తెలుసా?"

"ఎరుకే" అంది సక్రి.

"మరి ఎందుకు నడుస్తున్నావ్?"

సక్రి ఆమెను వింతగా చూసింది. "ఫోన్ లేకుంటే కాళ్లు లేవా అక్కా? నా పేరు మీద అవ్వ గన్ని రోజులు సంచి మోసింది. గియ్యాల ఫోన్ లేదని పండుకుంటే ఆమె మొఖం ఎట్ల జూడాలె? అయినా నడువకుంటే రాత్రికి నడుము గుంజుతది. గిప్పుడు అలవాటైంది."

ప్రియదర్శిని తూము దాకా వెళ్లింది, వాళ్లతోనే వెనక్కి వచ్చింది. స్కూటీ దగ్గర ఆగి గడియారం చూసింది. ఐదు నలభై రెండు. ఫోన్ తీసి ఎవరికో మెసేజ్ పెట్టి, తెర సౌజన్య వైపు తిప్పింది. 'ఇరవై. ఒకరిని నేనే పక్కన నడిచి లెక్కపెట్టాను. పేకాట టీమ్‌కి వేరే మనిషిని చూసుకోండి.'

సౌజన్య నర్సవ్వ చెయ్యి పట్టుకుంది. "అవ్వా, నువ్వు లేకుంటే..."

"నా సంగతి తర్వాత. నీ ఫోన్ తియ్యి. అన్నిటికన్న మీదున్న మొక్క ఎవరిదో జూడు."

తన ఫోన్‌లో యాప్ మెసేజ్‌ల చప్పుడు తనే ఆపేసుకుంది సౌజన్య. ఇప్పుడు తెరిచింది. ఎండిపోయిందనుకున్న మొక్క ఆకులు తొడిగింది. కింద వరసగా: ఈ రోజు నీ కోసం నర్సవ్వ నడిచింది. ఈ రోజు నీ కోసం సక్రి నడిచింది. ఈ రోజు నీ కోసం ప్రేమల నడిచింది. మళ్లీ నర్సవ్వ. బటన్ పెట్టిన రోజు నుంచి ఒక్క రోజు కూడా ఖాళీ లేదు.

"మాకోసం నువ్వు కూసునే ఉంటివి" అంది నర్సవ్వ. "నీకోసం ఎవరో ఒకరు నడువాలె గద. మేము బీడీలోళ్లం కూసుంటే ఒక అర్థమున్నది. నడువుమని చెప్పేదానివి, నీకేమైంది?"

సక్రి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

సౌజన్య స్కూటీ తాళం ప్రియదర్శిని చేతిలో పెట్టింది. "మీరు ఇంటికి వెళ్లి చాయ్ పెట్టుకోండి మేడమ్. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి."

"నువ్వు?"

సౌజన్య అప్పటికే కళ్లు తుడుచుకుని తూము వైపు తిరిగింది. ఆమె వెనకాల, ఆ రోజుకు మూడోసారి, నర్సవ్వ కూడా బయల్దేరింది.