పిడి తీసేసిన చోట

పొద్దున్నే బండ్ల రేకుపని చేసే షెడ్డుకి రాగానే మేస్త్రి కుడిచేతిని వేడినీళ్ళ బకెట్టులో మోచేతిదాకా ముంచి కూర్చుంటాడు. చూసేవాళ్ళు అదేదో పని మొదలుపెట్టే ముందు పాటించే నిష్ఠ అనుకుంటారు. కాదు. ముప్పై ఆరేళ్ళు గ్రైండరు పట్టి మొద్దుబారిన చెయ్యి అది. నీళ్ళు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో దానికి తెలియదు. అందుకే ముందు ఎడమచేత్తో చూసుకుని, ఆ తర్వాత కుడిచెయ్యి పెడతాడు. రక్తం కాస్త కదిలితే స్పర్శ తిరిగొస్తుందేమోనని ఆశ. ఏడాదిన్నరగా రాలేదు. ఆశకేం, దానికి సిగ్గా ఎగ్గా!

అతన్ని అందరూ అరచెయ్యి మేస్త్రి అంటారు. సొట్టలు తీసిన రేకు మీద నూలుగుడ్డ పరిచి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి మెల్లగా పోనిచ్చేవాడు. వెంట్రుకవాసి పల్లం ఉన్నా అక్కడ చెయ్యి ఆగేది. "ఇదిగో, ఇక్కడ" అని సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. ఒక్కసారీ తప్పలేదు. ఇప్పుడూ గుడ్డ పరుస్తాడు, కళ్ళు మూసుకుంటాడు, సున్నాలు చుడతాడు. అవన్నీ అందాజు సున్నాలే.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్యకి కూడా. బొత్తాలు పెట్టుకోవడం చేతకాక చొక్కాని బనీనులా తలమీంచి తొడుక్కుంటుంటే, "ఈ వయసులో ఇదేం సోకండీ" అని ఆవిడ నవ్వింది. తనూ నవ్వేసి బయటపడ్డాడు.

కోతపని తప్పించుకోవడానికి ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. పాతబండి తెచ్చి, ఇక్కడ కొయ్యండి, అక్కడ అతికించండి అని ఎవరడిగినా తల అడ్డంగా ఊపేవాడు. "పాతబండికి పాతదనమే అందం. కొయ్యడం క్షణం పని. మళ్ళీ తేవడం ఎవడి తరం?" అనేవాడు. దాంతో అతనికి కొత్త కీర్తి వచ్చిపడింది. పాతకాలపు పనితనాన్ని కాపాడుతున్న మహానుభావుడని దూరాభారం నుంచి వచ్చి మరీ సలహా అడిగేవాళ్ళు. అందని ద్రాక్ష పుల్లన అన్న నక్కకి వేదాంతి అని పేరొచ్చినట్టయింది.

ఆ వేదాంతం ఈరోజు పనికిరాలేదు. మొక్కల నర్సరీ నడిపే ఒకావిడ తన తండ్రి వాడిన పికప్పు బండి తెచ్చి షెడ్డు మధ్యలో నిలబెట్టింది. గుండ్రటి ముక్కు, బరువు మోసే మనిషి భుజాల్లా ఉబ్బిన చక్రాల రేకులు, వెనక అడుగున చెక్కపలకలు పరిచిన తొట్టి. నీలం రంగు ఎండకి వెలిసి బూడిదరంగుకి తిరిగింది. తుప్పు మాత్రం ఎక్కడా లేదు. మేస్త్రి ప్రాణం లేచొచ్చింది.

"కప్పు మూడు వేళ్ళు దించాలి. తలుపు పిడులు పీకేసి అక్కడ నున్నగా మూసెయ్యాలి. వెనక తలుపు మీద కంపెనీ అక్షరాలు పోవాలి," అందామె.

మేస్త్రి తన పాట ఎత్తుకున్నాడు. ఆమె చివరిదాకా విని, "మా నాన్న పోయి ఎనిమిది నెలలైంది మేస్త్రిగారూ. డ్రైవరు ఈ బండి తోలుకుని గేటులోకి వస్తే నాన్నే దిగుతాడనిపిస్తుంది. రోజుకి నాలుగుసార్లు లేచి నిలబడుతున్నాను. అమ్మడానికి మనసు రాదు. దీన్ని వేరే బండిలా చెయ్యండి, చాలు," అంది.

మేస్త్రి సుద్దముక్క తీసుకుని బండి చుట్టూ తిరిగాడు. కప్పు దించాలంటే దాన్ని మోసే నాలుగు స్తంభాలూ కొయ్యాలి. అవి లోపలికి వాలి ఉంటాయి కాబట్టి పైభాగం కిందికి దించితే ఒకదానితో ఒకటి కలవవు. కప్పుని కూడా నాలుగు ముక్కలు చేసి వెడల్పు చెయ్యాలి. వయసులో ఉన్నప్పుడు అలాంటి పని కోసం కలలు కన్నాడు. ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చారు, చెయ్యి లేదు. వెనక తలుపు వెడల్పాటి రేకు, చిన్న అల ఉన్నా అద్దంలోలా బయటపడుతుంది. పిడి చోటు మాత్రం అరచెయ్యంత. పాము చావాలి, కర్ర విరగకూడదు.

"డ్రైవరు పక్క పిడి ఒక్కటి మూసి చూపిస్తానమ్మా. సాయంత్రం నాలుగింటికి రండి. బాగుంటే మిగతావి మాట్లాడుకుందాం."

తలుపు విప్పి స్టాండు మీద పడుకోబెట్టాడు. పిడి పీకి, ఆ కంతకి సరిగ్గా రేకుముక్క కత్తిరించాడు. వేడికి రేకు వంకరపోకుండా ఒక చుక్క అటు, ఒక చుక్క ఇటు వెల్డింగు పెడుతూ తడిగుడ్డతో చల్లార్చాడు. అంతవరకు కళ్ళు చేసే పని, చక్కగా కుదిరింది. తర్వాత వెనక ఇనుపదిమ్మ ఆనించి ముందునుంచి సుత్తితో సాపు చెయ్యాలి. ఎప్పుడు ఆపాలో చెప్పేది అరచెయ్యే. అది మూగది. పల్లం ఇంకా ఉందేమోనని పది దెబ్బలు, ఉండే ఉంటుందని మరో పది వేశాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. ఒకసారి గుడ్డ మీద చెయ్యి పోనిస్తుంటే వేలి చివర ఏదో చురుక్కుమన్నట్టనిపించింది. వచ్చింది, తిరిగొచ్చింది అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

"పలచగా నల్లరంగు కొట్టు," అన్నాడు షెడ్డులో రంగులు వేసే పెయింటరుతో. కొట్టి, ఉప్పుకాగితం చుట్టిన చెక్కతో రుద్దితే ఎత్తున్నచోట రంగు పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. రేకుపనికి అదే పరీక్ష.

"ఎందుకన్నా, పుట్టీ పెట్టి పూడ్చేస్తాలే," అన్నాడు పెయింటరు, మొహం చూడకుండా.

"కొట్టమన్నానా?"

కొట్టాడు. ఆరాక రుద్దాడు. తలుపంతా నలుపు పోయింది. పిడి తీసేసిన చోట మాత్రం నల్లమచ్చ మిగిలింది. ఇంకా రుద్దాడు. మచ్చ కదల్లేదు. మేస్త్రి ఎడమ బొటనవేలితో నొక్కాడు. టప్పుమని రేకు లోపలికి పోయింది. దెబ్బలు ఎక్కువై సాగిపోయింది, ఇక ఎన్ని కొట్టినా బిగియదు. పని నేర్చుకునేవాళ్ళు మొదటి నెలలో చేసే తప్పు.

పెయింటరు పుట్టీ డబ్బా అప్పటికే తీసుకొచ్చేశాడు. ఆ తొందర చూస్తే మేస్త్రికి అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచి నా తప్పులు పుట్టీతో కప్పుతున్నావురా?"

"అదేం లేదన్నా..."

"అడిగినదానికి చెప్పు."

"పోయినేడు ఎర్రవ్యాను దగ్గర్నుంచి."

"షెడ్డు ఓనరుకి తెలుసా?"

"ఆయనే చెయ్యమన్నాడు. నీ దగ్గర అనొద్దన్నాడు."

"ఆయనకెవరు చెప్పారు?"

పెయింటరు డబ్బా కింద పెట్టాడు. "వదిన వచ్చిందన్నా. బొత్తాలు పెట్టుకోలేకపోతున్నారు, మిషన్ల దగ్గర ఓ కన్నేసి ఉంచండి, నేను చెప్పానని మాత్రం తెలియనివ్వకండి అంది."

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. ఏడాదిన్నరగా తను దాచుకున్న గుట్టు షెడ్డులోనూ ఇంట్లోనూ అందరి దగ్గరా ఉంది. తెలియంది తనకే. ఆ గౌరవం, ఇంట్లో ఆ నవ్వు, అన్నీ కలిసి తన దోసిట్లో పోసిన భిక్ష. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద? ఒక్కడూ చెడ్డవాడు కాదు. చెడ్డవాడు ఒక్కడున్నా బాగుండేది.

నాలుగింటికి ఆమె వచ్చింది. పెయింటరు తలుపుకి అడ్డం నిలబడబోతే మేస్త్రి పక్కకి జరగమన్నాడు.

"నా చేత కాలేదమ్మా. తలుపు పాడుచేశాను."

ఆమె మచ్చ చూసింది, అతని చెయ్యి చూసింది. "పోనీలెండి మేస్త్రిగారూ. పాతదనమే అందమని పొద్దున మీరే అన్నారుగా," అంది నెమ్మదిగా.

"అది అబద్ధమమ్మా. చేతకాక అన్న మాట. కప్పు దించితే ఈ బండి చాలా బాగుంటుంది. చెయ్యగలిగినవాణ్ణి చూసుకోండి."

వంగి బకెట్టులో నీళ్ళు పారబోశాడు. ఎవరికీ చెప్పకుండా గేటు దాటాడు. ముప్పై ఆరేళ్ళలో వెలుతురుండగా ఇంటికి వెళ్ళడం అదే మొదలు. ఇంట్లో ఆవిడ ఎదురొస్తుంది, నవ్వుతుంది, అప్పుడు ఏ మొహం పెట్టాలో దారంతా ఆలోచించినా తోచలేదు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఓనరు రెండుసార్లు ఇంటికి వెళ్ళి పిలిచొచ్చాడు. పికప్పుకి తుక్కులోంచి మరో తలుపు వెతికి బిగించి ఇచ్చేశారు. అది ఆకుపచ్చ తలుపు. అయినా బండి గేటులోకి వస్తే లేచి నిలబడుతూనే ఉన్నానని ఆమె పెయింటరుతో అందట.

పాడైన తలుపు షెడ్డు గోడకి ఆనించి ఉంది. దాటి వెళ్ళేవాళ్ళు ఎవరో ఒకరు ఆ నల్లమచ్చ మీద బొటనవేలితో నొక్కుతారు. టప్పుమని లోపలికి పోతుంది, వేలు తియ్యగానే టప్పుమని బయటికొస్తుంది.