బాయిలరు కడుపులో రాయి

పటేలు రామచంద్రం ఇంట్లో నీళ్లు కాగలేదు. దాంతో సోమమ్మ దొంగ అయింది.

మర్రిగూడ దగ్గరి ఆ ఊళ్లో రాగి బాయిలరు ఉన్నది పటేలు ఇంట్లోనే. నడుమ నిలువు గొట్టం. అందులో కట్టెలు వేసి మంట పెడితే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. కింద ఇత్తడి నల్లా. తొమ్మిదేళ్లుగా దానికి మంట పెట్టేది గొర్రెలు కాసే కురుమల ఇంటి సోమమ్మ. మొదట్లో నాలుగు కట్టెలకే నీళ్లు మసిలేవి. ఈ చలికాలం మోపు కట్టెలు తగలేసినా గోరువెచ్చన దాటడం లేదు. నల్లా కూడా సన్నగా కారుతోంది.

"కట్టెలు మీ ఇంటికి మోస్తానవ్, మాకు పొగ పెడ్తానవ్," అన్నది పటేలు భార్య.

"మా ఇంట్ల వండనీకె గింజలే లేవు పటేలమ్మా, గన్ని కట్టెలు ఏం జేసుకుంట?"

"అమ్ముకుంటవ్."

పటేలు అంతటితో ఊరుకోలేదు. కురుమల పెద్ద కురుమయ్యను పిలిపించాడు. కురుమల్లో తగువు తేలకపోతే నల్ల గొంగడి పరుస్తారు. దాని మీద నిలబడి కులదేవుడు బీరప్ప పేరున ప్రమాణం చేయాలి. చేయనంటే దొంగే. ఆ ఇంటికి ఎవరూ పిల్లనివ్వరు. సోమమ్మ కొడుక్కి పెళ్లి మాటలు నడుస్తున్నది అప్పుడే.

పొద్దున్నే పటేలు వాకిట్లో గొంగడి పరిచారు. పదిమంది కురుమలు చుట్టూ నిలబడ్డారు. పటేలు స్నానం లేని ముఖంతో అరుగు మీద మండిపోతున్నాడు.

"ఎక్కు," అన్నాడు కురుమయ్య.

"ఎక్క మామా."

"దొంగవా మరి?"

"ఇయ్యాల ప్రమాణం జేస్త. రేపు నీళ్లు మళ్ల కాగవు. అప్పుడు బీరప్ప మీద అబద్ధమాడిందంటరు. ముందుగాల బాయిలరు వంచుర్రి, దాని కడుపుల ఏమున్నదో చూద్దాం."

"దాన్ని వట్టిగ జేస్తవానే? ఇంటికి అరిష్టం!" లోపలినుంచి పటేలమ్మ అరుపు.

అదీ సంగతి. ఆ ఇంట్లో నీళ్ల పాత్ర ఏదీ ఖాళీగా ఉండకూడదు. పటేలు తల్లి పెట్టిన ఆన అది. ఆమె పోయింది, ఆన పోలేదు. బాయిలరు వచ్చిన రోజు నుంచి పైన పోయడమే, అడుగు వంచింది లేదు. బయట మాత్రం వారం వారం చింతపండుతో తోమించారు. వచ్చినవాడి కళ్లు చెదరాలి కదా! లోపల ఎవడు చూస్తాడు? అందులో పోసే ఫ్లోరైడు బావి నీళ్లు ఎలాంటివో ఊరి జనం గారపట్టిన పళ్లు చెప్తాయి, వంగిన మోకాళ్లు చెప్తాయి. తన బాయిలరుకు ఆ నీళ్లు ఏమీ చేయవని పటేలు నమ్మకం.

సోమమ్మ ఎవరినీ అడగలేదు. "బీరన్నా, గా పక్క పట్టు," అంది చుట్టూ ఉన్న కురుమల్లో ఒకడితో. ఇద్దరూ కలిసి వంచారు. తెల్లటి మడ్డి వాకిలంతా పారింది. పటేలమ్మ నెత్తి కొట్టుకుంది. సోమమ్మ చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి, కట్టెతో గొట్టాన్ని తట్టి, దానికి పట్టిన తెల్లటి రాతి పెంకు ఒకటి ఊడదీసింది. బొటనవేలంత మందం. తెచ్చి గొంగడి మీద పడేసింది. మరొకటి. ఇంకొకటి.

"మంటకు నీళ్లకు నడుమ గీ రాయి కూసున్నది. కట్టెలు మింగింది గిదే. నల్లాల అడ్డం పడ్డది గిదే. చూడు మామా, గిది నా ఇంట్ల దొరికిందా?"

కురుమయ్య పెంకును తిప్పి తిప్పి చూశాడు. గొంగడి దులిపి మడతపెట్టాడు.

"అయితే తప్పు నీదే," అన్నాడు పటేలు. "మంట పెట్టేదానివి, లోపల తోమద్దా?"

"వంచొద్దన్నది మీరే, తోమలేదనేది మీరేనా? గీ పదిమంది ముందట నన్ను దొంగ అన్నవ్. వీళ్ల ముందటనే కాదను."

"కాకపోవచ్చు, పో."

"కాకపోవచ్చంటే నా కొడుక్కు పిల్లనెవడిస్తడు? కాదు అను."

పటేలు కురుమయ్య వైపు చూశాడు. కురుమయ్య గొంగడి భుజాన వేసుకుని నిలబడే ఉన్నాడు. ఒక్కడూ కదల్లేదు.

"దొంగ కాదు," అన్నాడు పటేలు, గోడకు చెప్పినట్టు. "సాలునా? ఇగ తోమి మంటపెట్టు."

సోమమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "పైన రుద్దే చింతపండే లోపల పులుసు జేసి పొయ్యిర్రి. కాపి ఒక్క పూట నాననియ్యిర్రి. పెంకు మెత్తవడ్తది, కట్టెతోని గీకుర్రి. ఇనుముతోని గీకితే రాగి చిల్లువడ్తది. నీళ్లు నింపకుంట మంట పెట్టకుర్రి, అతుకు ఊడ్తది."

"నువ్వు చెయ్యవా?"

"దొంగ అన్న ఇంట్ల నేను నిప్పు ముట్టియ్య."

ఆమె నడిచింది. పదిమందీ ఆమె వెనకే పోయారు. వాకిట్లో పడివున్న బాయిలరు లేపడానికి పటేలుకు మనిషి దొరకలేదు.