మొదటి రోజు కాదది

చిన్నోడు అబద్ధమాడిన రోజు నుంచి అక్కకు మనసు మనసులో లేదు.

అబద్ధమంటే మరీ పెద్దదేం కాదు. ఆ ఆదివారం వంట బావ చేశాడు. అలవాటు లేని పని, ఉప్పు దండిగా పడింది. "ఎలా ఉందిరా బావమరిదీ?" అని అడిగితే, చిన్నోడు పళ్లెంలోకి చూస్తూనే పెదవులు రెండు పక్కలకీ లాగి, "చాలా బాగుంది బావా" అన్నాడు. బావ పొంగిపోయాడు. అక్క చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది.

ఇరవయ్యారేళ్లు వచ్చినా ఇంట్లో అతను చిన్నోడే. ఆటిజం ఉందని పసితనంలోనే తేలింది. పెద్ద చప్పుళ్లు భరించలేడు. ఎవరి కళ్లల్లోకీ చూడడు. ఎక్కిన ప్రతి లిఫ్టులో వినిపించే ప్రకటననీ అచ్చం అదే గొంతుతో అప్పజెప్పేస్తాడు. కానీ లేనిది ఉందనడం మాత్రం అతనికి చేతకాదు. అమ్మ పోయినప్పుడు పలకరించడానికి వచ్చిన పిన్ని, "నేను గుర్తున్నానా నాన్నా?" అంటే, "గుర్తున్నావు. నీ నోరు కంపు కొడుతుంది" అని పదిమందిలో చెప్పినవాడు. అలాంటివాడికి ఈ తీపి మాటలు ఎవరు నేర్పారు?

"నాటకాల మేడమ్" అన్నాడు, అడగ్గానే.

"ఇంకా ఏమేం నేర్పుతోంది?"

"రిహార్సల్."

"రిహార్సల్లో ఏం చేస్తారు?"

చిన్నోడు చొక్కా గుండీ తిప్పడం మొదలుపెట్టాడు. "చెప్పకూడదు."

అంతే. అక్క బుర్రలో అనుమానం పురుగు దూరింది.

అక్క కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. అక్కడికి కళ్లజోడు కోసం వచ్చిన ఒక పెద్దమనిషే ఈ శిక్షణ సంగతి చెప్పాడు. ఆ సంస్థకు ఆయనే మేనేజరు. "మీ తమ్ముడిలాంటి వాళ్లకోసమేనమ్మా. నటన నేర్చుకుంటే నలుగురిలో మసలడం తేలికవుతుంది. కెమెరా, ఎడిటింగు చేతికొస్తే తనకంటూ ఒక విద్య ఉంటుంది" అన్నాడు. మాట తేనె పూసినట్టు ఉంటుంది ఆయనకి. అక్క ఎప్పుడు వెళ్లినా కుర్చీ వేయిస్తాడు, టీ తెప్పిస్తాడు.

నాటకాల మేడమ్ అలా కాదు. నవ్వదు. రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఒకప్పుడు రంగస్థలం మీద పేరున్న నటి అట. ఒకసారి మెట్ల మీద ఎవరో ముసలావిడ దగ్గుతూ మాట్లాడుతోందనుకుని అక్క పక్కకు తప్పుకుంటే, ఎదురొచ్చింది ఈవిడే. క్లాసుకోసం సాధన అట. ఇష్టం వచ్చిన గొంతు తెచ్చుకోగలిగిన మనిషి ఏ గొంతుతో నిజం చెబుతుందో ఎలా తెలుస్తుంది?

క్లాసు జరిగే హాలు సైకిళ్ల కొట్టు పైన. తలుపుకి అద్దం ఉంది, కానీ దానికి లోపలినుంచి నల్ల కాగితం అంటించారు.

"ఇదెందుకండీ?" అని అడిగింది అక్క.

"ఇంట్లోవాళ్లు చూస్తుంటే వీళ్లు బిగుసుకుపోతారు" అంది మేడమ్.

"నేను కాసేపు కూర్చుంటాను, ఓ మూల."

"వద్దండీ."

ఆ రోజంతా అక్క అద్దాలు అరగదీస్తూ ఆ నల్ల కాగితం గురించే ఆలోచించింది. "నువ్వు పోలీసు ఉద్యోగంలో చేరాల్సింది" అని బావ వేళాకోళం ఆడాడు. ఆమెకు నవ్వు రాలేదు.

చిన్నోడు స్నానానికి వెళ్లినప్పుడు అతని ఫోను తీసింది. తప్పని తెలుసు. ఎడిటింగు నేర్చుకోవడానికి క్లాసులో తీసిన వీడియోలు అందులో బోలెడున్నాయి. ఒకటి నొక్కింది. చిన్నోడు నేలమీద ముడుచుకుపోయి, చెవులు గట్టిగా మూసుకుని అరుస్తున్నాడు. మేడమ్ వెళ్లి లైటు ఆర్పింది. దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది, అంతే. దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంది. అక్క ఇక చూడలేక ఆపేసింది.

మర్నాడు ఒంటికాలి మీద లేచి వెళ్లింది.

"మనిషి అలా అల్లాడిపోతుంటే వీడియో తీస్తారా? మీకు మనసు లేదా?"

"అలారం మోగిన రోజు అది" అంది మేడమ్, గొంతు పెంచకుండా. "కింద కొట్లో పొగ వస్తే మోగింది. కెమెరా స్టాండు మీద ఉంది, ఆపేది మీ తమ్ముడే. అలాంటప్పుడు ముట్టుకుంటే అతనికి ఇంకా ఎక్కువవుతుంది. మీకూ తెలుసుగా. ఆ వీడియో ఉంచమన్నది కూడా అతనే."

"మరి ఉప్పు కూర తిని బాగుందనే అబద్ధాలు వాడికి నేర్పడం?"

"వంట సంగతా? ఎవరైనా వండిపెడితే ఏమనాలో ఒక సీను చేశాం. ఇంట్లో ప్రయోగించాడన్నమాట." మొదటిసారి ఆమె పెదవి కాస్త కదిలింది.

అన్నిటికీ జవాబులున్నాయి. అంత చక్కగా అమరిన జవాబులే అక్కను ఇంకా కలవరపెట్టాయి. మేనేజరు గదిలోకి వెళ్లి గోడు వెళ్లబోసుకుంటే ఆయన ఓపిగ్గా విన్నాడు. "కళాకారులు కదమ్మా, కాస్త తిక్క ఉంటుంది. మేం తీసిన సినిమా చూడండి, మీ మనసు కుదుటపడుతుంది" అన్నాడు.

ఆ సినిమా ప్రదర్శనకు కుటుంబాలన్నీ వచ్చాయి. హాల్లో కుర్చీలు వేశారు, గోడకు తెల్లగుడ్డ కట్టారు. మేడమ్ వెనక వరసలో నిలబడింది. దీపాలు ఆరాయి.

తెరమీద పెద్ద అక్షరాలు పడ్డాయి: మొదటి రోజు. వెంటనే చిన్నోడు నేలమీద పడి అరుస్తూ కనిపించాడు.

అలారం అంది కదా మహాతల్లి! మొదటి రోజే ఇంత జరిగితే కడుపులో దాచుకుంది. అక్క వెనక్కి తిరిగి మేడమ్ వైపు కాల్చేసేలా చూసింది. చీకట్లో ఆమె మొహం కనిపించలేదు.

తర్వాత మళ్లీ అక్షరాలు: ఆరు నెలల తర్వాత. చిన్నోడు కెమెరా వెనకనుంచి తొంగిచూసి పకపకా నవ్వాడు. మెత్తటి సంగీతం. హాలంతా చప్పట్లు. అక్కకు తెలియకుండానే కళ్లు నిండిపోయాయి. పక్కన చిన్నోడు ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు.

"తప్పు" అన్నాడు. "తప్పు. తప్పు." లేచి నిలబడ్డాడు. "మొదటి రోజు కాదది. అలారం రోజు. ఆకుపచ్చ చొక్కా. అక్క పోయిన నెల కొంది. నవ్వింది మొదటి రోజు."

ఎవరో దీపాలు వేశారు. అవును, ఆకుపచ్చ చొక్కా. ఒంటికి గరుకుగా తగులుతోందంటే మెడ దగ్గరి లేబులు తానే కత్తిరించింది.

మేనేజరు నవ్వుతూ వచ్చి, "కూర్చో నాన్నా. సినిమాలో ముందువెనకలు మారుస్తాం. అదీ నటనలాంటిదే" అన్నాడు.

"కాదు" అన్నాడు చిన్నోడు నేలకేసి చూస్తూ. "నటిస్తే నటన అని అందరికీ తెలుసు. ఇది ఎవరికీ తెలీదు. ఇది అబద్ధం."

అక్క మేడమ్ దగ్గరికి గబగబా వెళ్లింది. "మీరు చేశారా ఇది?" మేడమ్ మొహం పాలిపోయి ఉంది. తల అడ్డంగా ఊపింది. అక్క నమ్మలేదు. జవాబు చిన్నోడే చెప్పాడు.

"మేడమ్ కాదు. సార్ గదిలో కంప్యూటర్. సార్ అతికించారు. నేను చూశాను. హాల్లో జరిగేవి ఇంట్లో చెప్పకూడదు అన్నారు." చివరి మాట అచ్చం మేనేజరు గొంతుతోనే, ఆ తేనెతో సహా వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

అక్కకు అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ తప్పు తలుపు ముందు కాపలా కాసింది. టీ తాగుతూ.

"దీనివల్ల ఎవరికి నష్టమమ్మా?" అన్నాడు మేనేజరు మెల్లగా. "ఇలా చూపిస్తేనే జనం మనసు కరుగుతుంది, విరాళాలు వస్తాయి. మీరు కూడా ఏడ్చారుగా."

"ఏడ్చాను. అందుకే ఒళ్లు మండుతోంది" అంది అక్క. "వాడు మొదటి రోజే నవ్వాడు. ఆ సంగతి నాకు తెలియనే లేదు. మీరేమో వాడి నవ్వుని మీ గొప్పగా అమ్ముకోబోయారు. మా వాడి బొమ్మ ఒక్కటి కూడా ఇందులో ఉండటానికి వీల్లేదు."

మూల కూర్చున్న ఒకాయన లేచి, "మా అమ్మాయిదీ తీసేయండి" అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. మేనేజరు తేనె ఎండిపోయింది. హాలు సంస్థదని, రేపటినుంచి క్లాసు ఉండదని చెప్పి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

మెట్లు దిగుతుంటే అక్క ఆగింది. "మిమ్మల్ని చాలా మాటలన్నాను" అంది, కష్టంగా.

"అన్నారు" అంది మేడమ్. "నేనూ కాస్త విడమరిచి చెప్పాల్సింది. వీడియోలన్నీ ఆయన చేతికిచ్చి, ఏం చేస్తున్నాడని అడగనైనా లేదు. మీలా ఆరా తీసే బుద్ధి నాకుంటే ఇంతదాకా వచ్చేది కాదు." ఒక మెట్టు దిగి, "వీళ్లకి వేరే చోటు వెతకాలి. వస్తారా?" అంది.

ముగ్గురూ కలిసి వెతికారు. ఒక గదిలో ట్యూబులైటు గుయ్యిమంటోందని చిన్నోడు గుమ్మంలోంచే తిరిగొచ్చేశాడు. ఇంకోచోట ఫ్యాను నచ్చలేదు. చివరికి ఒక గ్రంథాలయం వెనక, పాత పత్రికలు పెట్టుకునే గది దొరికింది. చూపించడానికి వచ్చినావిడను అక్క పట్టుకుంది. తాళం ఇంకెవరి దగ్గరుంది, అలారం ఎక్కడుంది, మోగితే ఎవరు ఆపుతారు, కంప్యూటర్ ఎవరెవరు వాడతారు అని ఊపిరి తిప్పుకోనివ్వకుండా అడిగింది. మేడమ్ గోడకు ఆనుకుని వింటోంది. ఈసారి వద్దనలేదు.

చిన్నోడు స్విచ్చులన్నీ ఒక్కొక్కటే వేసి ఆర్పి చూశాడు. కిటికీ మూసి చెవి పెట్టి విన్నాడు. తర్వాత గది మధ్యలో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కెమెరా ఇక్కడ పెట్టాలి" అన్నాడు. "అక్కా, పక్కకు జరుగు. వెలుతురుకి అడ్డం ఉన్నావు."

అక్క పక్కకు జరిగింది.